మా అత్తమ్మకు కాపలా కుక్క

నాయినకు కాజీపేట బదిలీ అయిన ఏడాది మా ఇంట్లో కుక్కల గురించి జరిగినంత చర్చ యుద్ధం గురించి కూడా జరగలేదు. యుద్ధం ఎక్కడో దూరాన ఉండేది. మా మేనత్త మాత్రం పంజాగుట్టలో ఉండేది.

నాయిన రైల్వేలో గుమాస్తా. మేము అమీర్‌పేటలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఆయన అక్క, అంటే మా అత్తమ్మ, భర్త పోయినాక కూడా పంజాగుట్ట బండల పక్కన తన రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి, అది మానేశాక ఇళ్లకు వెళ్లి కాన్పులు చేసేది. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్లలో చాలామందిని ఈ లోకంలో మొదటగా తిట్టింది మా అత్తమ్మే. బిడ్డ వెంటనే ఏడవకపోతే ఆమె ఊరుకునేది కాదు.

ఆ ఏడాది చలికాలంలో ఆమె ఇంట్లో దొంగలు పడ్డారు. నీళ్లు కాచే రాగి గుండి, గంప కింద కోళ్లు, గోడ గడియారం పోయాయి. గడియారం ఎప్పుడో ఆగిపోయింది. ఆ సంగతి దొంగకు ఇంటికి వెళ్లాక తెలిసి ఉంటుంది.

బదిలీ కాగితం, దొంగతనం ఒకే నెలలో రావడంతో నాయిన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. అక్కను ఒక్కదాన్ని ఇక్కడ వదిలి కాజీపేటకు పోయేది లేదు, ఆమె కూడా మాతో రావాల్సిందే. అత్తమ్మ రానంది. మా మీద ప్రేమ లేక కాదు. కాజీపేటలో ఆమె ఎవరికీ తెలియదు. ఆ వయసులో కొత్త ఊరికి వచ్చిన ముసలమ్మను నమ్మి ఎవరు కాన్పుకు పిలుస్తారు? అక్కడ ఆమెకు మిగిలేది మా వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరడం. యుద్ధకాలపు బియ్యంలో రాళ్లకు కొదువ లేదు కాబట్టి ఆ పని మాత్రం చచ్చేదాకా ఉండేది.

చాలా వాదన జరిగాక ఒక రాజీ కుదిరింది. ఈస్టర్ లోపల ఆ ఇంటికి నమ్మకమైన కాపలా కుక్క దొరికితే అత్తమ్మ పంజాగుట్టలోనే ఉంటుంది. దొరక్కపోతే ట్రంకు సర్దుకుంటుంది. డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్న మేనల్లుణ్ని అక్కడ ఉంచొచ్చు కదా అని ఎవరికీ తట్టలేదు. నాయిన నన్ను కూడా కాజీపేట ఆఫీసులోనే ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలని చూస్తున్నాడు. పైగా, వీణ్ని కాపలా పెడితే వీడికెవరు కాపలా అని అమ్మ అడిగింది. ఆ మాట అక్కడితో ఆగింది.

కుక్కను వెతికే పని మా చర్చికి వచ్చే ఒక బట్లరు మీద పడింది. బేగంపేట బంగళాల్లోని దొరలు ఒక్కొక్కరూ యుద్ధానికి పోతూ గుర్రాన్నీ పియానోనీ కుక్కనూ ఎవరికో ఒకరికి అంటగట్టి పోతున్న కాలం అది. మా బట్లరు కుక్కల సంగతులను అచ్చం పెళ్లి సంబంధాల్లా చెప్పేవాడు. వంశం ఎలాంటిది, ఎత్తెంత, ఇంతకుముందు ఎవరింట్లో ఉన్నది, కోపం ఎక్కువా తక్కువా, తిండి ఎట్లా. నాయినా నేనూ ఇస్త్రీ బట్టలు వేసుకుని కుక్కచూపులకు వెళ్లేవాళ్లం. చాయ్, బిస్కెట్లు మాత్రం పెట్టేవాళ్లు కాదు. బిస్కెట్లు కుక్కకు పెట్టేవాళ్లు.

మొదట చూసింది సోమాజిగూడలో ఒక ఇంజినీరు ఇంటి మాస్టిఫ్‌ను. ఇంగ్లండుకు తిరిగిపోయే ప్రయత్నంలో ఉన్న కుటుంబం అది. ఆ కుక్క తల మా ఇంటి రోలంత ఉంది. మూతి రెండువైపులా చర్మం వేలాడుతూ, కొత్తగా పెన్షన్ తీసుకున్న తాసీల్దారు మొహంలా ఉంది. పెద్దగా మొరగదు, ఎవరైనా వస్తే పోయి దారికి అడ్డంగా నిలబడుతుంది, అంతే. ఇక పిల్లల విషయానికొస్తే, ఆ ఇంటి తల్లి పిల్లవాణ్ని ఒక దెబ్బ కొట్టాలంటే ముందు దాన్ని గొలుసుతో కట్టేయాల్సిందేనని బట్లరు చెప్పాడు. నా చిన్నప్పుడు మా ఇంట్లో అలాంటిది లేకపోవడం ఎంత నష్టమో నాకు అప్పుడే అర్థమైంది.

నాయినకు అది బాగా నచ్చింది. అడుగుదామని నోరు తెరిచాడు. అంతలో ఆ ఇంటి చిన్న పిల్ల వచ్చి, మేమెవరమో ఎందుకొచ్చామో ఎలా తెలిసిందో గానీ, కుక్క మెడ పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. కుక్క కదల్లేదు. దాని చొంగ పిల్ల గౌను మీద కారుతూనే ఉంది. నాయిన నోరు మూసుకుని, వాతావరణం గురించి రెండు మాటలు ఇంగ్లీషులో మాట్లాడి బయటికి వచ్చేశాడు. దారిలో, అది కాపలా కుక్కే కానీ కాయాల్సిన మనుషుల్ని అది ముందే ఎంచుకుందన్నాడు. ఆ మాస్టిఫ్‌ను ఆఖరికి ఓడలో తీసుకుపోయారో లేదో తెలియదు. తీసుకుపోయి ఉంటే బాగుండు.

రెండోది అల్సేషియన్. దాని దొర అప్పటికే ఎడారి యుద్ధానికి పోయాడు. చూడటానికి తోడేలు, నడవడికలో హెడ్మాస్టరు. పంజాగుట్టలో దింపిన గంటకే ఇల్లంతా తిరిగి, వెనక కంచెలో ఎక్కడ సందుందో చూసుకుని, వాకిట్లో కూర్చుంది. దానికి ఇంగ్లీషు తప్ప రాదు. అత్తమ్మకు వచ్చిన ఇంగ్లీషంతా ఆసుపత్రిలో కాన్పు గదిది. అయినా ఇద్దరికీ సరిపోయింది. "లై డౌన్, డోంట్ షౌట్, గుడ్ గర్ల్" అనేది ఆమె. అది మగకుక్క. ఆ సంగతి అది మనసులో పెట్టుకోలేదు.

నేను చూసిన పెద్ద కుక్కల్లో దానంత తెలివైనది ఇంకోటి లేదు. అత్తమ్మ ఏ గదిలో ఉంటే ఆ గది గడప దగ్గర పడుకునేది. నడుం నొప్పితో ఆమె కుర్చీలో వాలితే వచ్చి గదవ ఆమె పాదాల మీద పెట్టేది. సాయంత్రం రోడ్డు మీద మోటారు చప్పుడైతే మాత్రం చెవులు నిక్కించి లేచేది. అది దొర మోటారు కాదని తెలిశాక మళ్లీ పడుకునేది. రోజూ అంతే. అలాంటప్పుడు నేను కూడా ఏ హాస్యమూ ఆడలేకపోయేవాణ్ని.

కాపలా సంగతా? ఒక్క మనిషిని లోపలికి రానిచ్చేది కాదు. పాలవాడు చెంబు గేటు మీద పెట్టి పారిపోయేవాడు. పోస్టుమాను ఉత్తరాలను రాయికి చుట్టి విసిరేవాడు. మా పాస్టరు గారు ఒకసారి ప్రార్థనకు వచ్చి, రోడ్డు మీదే నిలబడి, ఆ ఇంటిని దుష్టుల నుంచి కాపాడమని ప్రార్థించి వెళ్లారు. అంత వెంటనే ఫలించిన ప్రార్థన నేను మరొకటి చూడలేదు. నాయిన పరమానందంతో కాజీపేటలో చిన్న ఇల్లు చాలని కబురు పెట్టాడు.

ఒక మధ్యాహ్నం రాళ్లు కొట్టే పనిచేసే ఒకతను అత్తమ్మ కోసం వచ్చాడు. భార్యకు నొప్పులు మొదలయ్యాయి. అత్తమ్మ ఇంటి వెనక బావి దగ్గర దుప్పట్లు ఉతుకుతున్నది. కుక్క అరుపు వినబడింది గానీ బండల మీద మేసే మేకలను చూసి రోజూ అరిచేదే కదా అనుకుంది. అతను గేటు ముందు నిలబడి పిలిచాడు. వెనక నుంచి వద్దామని చుట్టూ తిరిగాడు. అల్సేషియన్ కూడా కంచె లోపల అతనితోపాటే తిరిగింది. ఆఖరికి అతను వేరే ఎవరినైనా పిలుచుకుందామని పరుగెత్తాడు. ఎవరూ చేరకముందే బిడ్డ పుట్టేసింది. బిడ్డ బాగానే ఉంది, తల్లికే జ్వరం పట్టుకుంది.

మరునాడు అతనే వచ్చి రోడ్డవతల బండ మీద నిలబడి ఆ సంగతి చెప్పాడు. కోపం లేదు అతని మాటలో.

"నీ కుక్క మంచిదేనమ్మా," అన్నాడు. "జర మమ్ములను సుత గుర్తు పట్టుమను."

అత్తమ్మ అప్పటికప్పుడే సంచి తీసుకుని అతని వెంట నడిచింది. జ్వరం తగ్గేదాకా రోజూ ఆ ఇంటికి వెళ్లి తల్లిని చూసుకుంది. తర్వాత బట్లరును పిలిచి కుక్కను తీసుకుపొమ్మంది. కట్టేస్తే సరిపోదా అని నాయిన వాదించాడు. కట్టేస్తే దొంగకు తెలుస్తుంది, విప్పితే కాన్పువాళ్లు రారు, నేనేం చెయ్యాలె అని ఆమె అడిగింది. తప్పు దానిది కాదని కూడా అంది. దానికి అప్పగించిన పని అది చేసింది. ఊరవతల కొత్తగా లేస్తున్న ఒక కార్ఖానాలో దానికి కొలువు దొరికింది. అక్కడ ఎవరూ లోపలికి రాకూడదట, బాగా కుదిరిపోయిందని విన్నాం. అది వెళ్లిన రోజు అత్తమ్మ అన్నం సగంలో వదిలేసింది. కూర బాగా లేదని చెప్పింది. కూర నేనే తిన్నాను, బాగుంది.

మధ్యలో లంబాడీలు పెంచే పొడుగాటి వేటకుక్క ఒకటి వచ్చింది. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున వచ్చింది, మధ్యాహ్నం బండల మీద కుందేలును చూసింది. ఆ తర్వాత దాన్ని మేము చూడలేదు.

ఈస్టర్ దగ్గర పడుతుండగా గ్రేట్ డేన్ వచ్చింది. అమీర్‌పేట అవతల ఒక నవాబు గారి దేవిడీలో మాంసం ఖర్చు తగ్గించాలనుకుని, ఎవరి పళ్లెంలో తగ్గించాలా అని చూస్తే ముందుగా కనబడింది ఇదేనట. నిలబడితే దాని వీపు నా నడుం దాటేది. పంజాగుట్ట పిల్లలు దాన్ని గుర్రంకుక్క అన్నారు. బట్లరు మాత్రం పెదవి విరిచాడు. దేవిడీలో తివాచీల మీద పెరిగిందని, చూపుకే గానీ పనికి కాదని, అది కుక్క కాదు, చుట్టపుచూపుకు వచ్చిన మెహమాన్ అని ముందే చెప్పేశాడు.

అతను చెప్పినట్టే ఉంది అది. పాలవాడికి ఎదురుపోయి చెంబు వాసన చూసేది. పోస్టుమాను భుజం మీద తల పెట్టి ఉత్తరాలు ఎవరికొచ్చాయో చూసేది. బేగంపేట నుంచి విమానాలు లేస్తే మంచం కిందికి దూరేది. మంచం కింద అది పట్టదు కాబట్టి మంచమే పైకి లేచేది. ఒకసారి అత్తమ్మ మంచం మీద ఉండగానే లేచింది. ఒక ఆదివారం మేమంతా అక్కడ భోజనానికి కూర్చున్నాం. నాయిన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. యుద్ధం, రేషను, బదిలీ, అక్క భద్రత అన్నీ వరుసగా దేవునికి విన్నవించి ఆమెన్ అనేసరికి బల్ల మీద కోడికూర గిన్నె అద్దంలా మెరుస్తున్నది. డేన్ కళ్లు మూసుకుని ఉంది. అంత భక్తి మాలో ఎవరికీ లేదు.

నాయిన దానికి ఒక పరీక్ష పెట్టాడు. దొంగ వేషం నాది. పొద్దు గూకే వేళ గొంగడి కప్పుకుని వెనక కంచె దూకాను. డేన్ వచ్చి, నా గొంగడి వాసన చూసి, నా వెంట వంటింట్లోకి నడిచింది. నేను బిందె ఎత్తుకుంటే తాను పక్కకు జరిగి దారి ఇచ్చింది. గేటు దాకా సాగనంపింది. అప్పుడే పోతున్నావా అన్నట్టు చూసిన ఆ చూపుకు నాకే సిగ్గేసింది. నేనని గుర్తు పట్టి ఊరుకుందని అత్తమ్మ వాదించింది. గుర్తు పట్టి ఉంటే బిందెను వీడి చేతికి అంత నమ్మకంగా వదలదని అమ్మ అంది.

దాంతో తీర్పు అయిపోయింది. ఒకటి ఎవరినీ రానివ్వదు, ఒకటి అందరినీ రానిస్తుంది, ఈ రెంటి మధ్యలో కుక్క దొరికేలోపు ఈస్టర్ వచ్చేసింది. మాట మాటే కాబట్టి అత్తమ్మ ఒప్పుకుంది. డేన్‌ను మాత్రం చివరి రోజు దాకా ఉంచుకుంటానంది. విమానాలకు భయపడి అది ఇంట్లో ఒంటరిగా ఉండటం లేదని, కాన్పులకు పోయేటప్పుడు కూడా వెంట తీసుకుపోతున్నదని మాకు తెలుసు. ఇదొక కొత్త తలనొప్పి అని నాయిన అన్నాడు. దానికి ఆ తర్వాత ఎక్కడైనా చోటు చూసిపెడతానని బట్లరు అన్నాడు గానీ అంత గట్టిగా అనలేదు. అంత మేత పెట్టేవాళ్లు యుద్ధకాలంలో ఎవరున్నారు?

ట్రంకు సర్దే రోజు నేను పక్కన కూర్చుని హాస్యాలు ఆడుతూ ఉన్నాను. ఒక్కటీ పండలేదు. చీరలు, పాత తువాళ్లు, ఎనామిల్ బేసిను, కత్తెర అన్నీ లోపలికి పోయాయి. కత్తెరను మళ్లీ బయటికి తీసి కాన్పుల సంచిలో వేసుకుంది.

"కాజీపేటల కాన్పులు చేసేటోళ్లు ఉంటరారా?" అని అడిగింది.

"ఉంటరు అత్తమ్మా. ఆడ సుత పిల్లలు పుడ్తరు గద."

"అదేలే. ఉంటరు," అని మూత వేసింది.

ప్రయాణం రోజు పొద్దున్నే అమ్మ, చెల్లెళ్లు సామానుతో సికింద్రాబాద్ స్టేషనుకు పోయారు. నాయినా నేనూ జట్కా తీసుకుని పంజాగుట్టకు వెళ్లాం. వసారాలో ట్రంకు ఉంది. తలుపుకు తాళం ఉంది. అత్తమ్మ లేదు, కుక్క లేదు. అమీర్‌పేటలో ఫలానా ఇంటి కోడలికి నొప్పులొస్తే తెల్లారక ముందే పోయిందని పక్కింటావిడ చెప్పింది. నాయిన గడియారం చూసుకుని, ట్రంకును జట్కాలో ఎక్కించి, అమీర్‌పేటకు పోనిమ్మన్నాడు. దారి పొడుగునా ఆయన గడియారం చూస్తూనే ఉన్నాడు. అలా చూస్తే అది ఆగుతుందనుకున్నాడేమో.

అది పెంకుటిల్లు, ముందు చిన్న వాకిలి. వాకిట్లో మొగవాళ్లంతా గోడకు ఆనుకుని వరుసగా కూర్చున్నారు. నొప్పులు పడుతున్న పిల్ల మొగుడు, అతని తండ్రి, అన్న. బడిలో శిక్ష పడినవాళ్లలా ఉన్నారు. గడపకు అడ్డంగా డేన్ పడుకుని ఉంది. లోపలికీ బయటికీ ఆడవాళ్లు వేడినీళ్లతో, గుడ్డలతో దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నారు. ఒక ముసలమ్మ దాని తోక తొక్కింది. అది తోక ముడుచుకుని ఊరుకుంది.

నాయిన నేరుగా గడప వైపు నడిచాడు. డేన్ లేచింది. మొరగలేదు, పళ్లు చూపలేదు. దగ్గరికి వచ్చి తన భుజాన్ని నాయిన నడుముకు ఆనించి ఒరిగింది. నాయిన ఒక అడుగు వెనక్కి వేశాడు. అది ఇంకొంచెం ఒరిగింది. అలా ఒరుగుతూ ఒరుగుతూ ఆయన్ను గోడ దాకా తెచ్చి, ఆయన పాదాల మీద కూర్చుంది. రైల్వే కోటు వేసుకున్న మనిషి గోడకు అతుక్కుని నిలబడి ఉన్నాడు.

"కూసో సాబ్," అన్నాడు పిల్ల మొగుడు. "నర్సమ్మ లోపల ఉన్నప్పుడు మొగోళ్లను పోనియ్యది. మేమందరం గిట్ల కూసున్నోళ్లమే."

తాను ఆ నర్సమ్మకు సొంత తమ్ముణ్నని నాయిన చెప్పాడు. ఆ మాట కుక్కకు చెప్పాడో అతనికి చెప్పాడో తెలియలేదు. ఎవరి మీదా ప్రభావం కనబడలేదు. కాన్పు గదిలోకి తొంగిచూసే మొగవాళ్లను అత్తమ్మ తరిమేయడం ప్రతి ఇంట్లో చూసి చూసి, ఇది తమ ఇద్దరి ఉద్యోగమని డేన్ అనుకుని ఉంటుంది.

నాయిన అడగకుండానే ఆ ఇంటి ముసలాయన మాట అందుకున్నాడు. ఇదివరకు అత్తమ్మను బండల దారిలో ఒక్కదాన్నే పంపాలంటే అందరికీ భయంగా ఉండేదట. ప్రతిసారీ ఎవరో ఒకరు కట్టె పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టి వచ్చేవారట. ఒకసారి నాలా దగ్గర ఇద్దరు ఆమె సంచి గుంజబోయారని కూడా చెప్పాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"గీయన ఒచ్చినప్పటి సంది మాకు ఫికర్ లేదు," అన్నాడు ముసలాయన కుక్కను చూపిస్తూ. "పక్కపొంటి నడుస్తడు. ఎదురొచ్చినోళ్లు జరుగుతరు."

"ఇది ఎవలను ఏమనది," అన్నాడు నాయిన. "దొంగకు బిందె ఎత్తిచ్చింది."

"గా ముచ్చట దొంగకెట్ల తెలుస్తది సాబ్?"

కాపలా కోసమని మేము ఆ ఇంటికి తగిన కుక్కను వెతుకుతూ వచ్చాం. ఆ ఇంట్లో అత్తమ్మ ఉండేదే తక్కువ. రాగి గుండి పోయినప్పుడు కూడా ఆమె కాన్పు మీదే ఉంది. నాయిన మొహం చూస్తే ఇవన్నీ ఒక్కసారిగా అర్థమవుతున్నట్టు గంభీరంగా ఉంది. నిజానికి డేన్ బరువుకు ఆయన కాళ్లు తిమ్మిరెక్కాయి. ఆ విషయం తర్వాత ఆయనే చెప్పాడు. బహుశా రెండూ జరిగి ఉంటాయి.

లోపల బిడ్డ ఏడ్చింది. అంతకు ముందు అత్తమ్మ తిట్టు కూడా వినబడింది. వాకిట్లో మొగవాళ్లంతా లేచి నిలబడ్డారు, నాయిన తప్ప. ఆయన ముందే నిలబడి ఉన్నాడు, కదల్లేడు.

కొంతసేపటికి అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ మంచిగున్నరని వాళ్లకు చెప్పింది. తర్వాత గోడ దగ్గర తమ్ముణ్ని చూసింది. మొహం తప్పు చేసినదానిలా అయింది.

"రైలు దాటిపోయిందా తమ్మీ?"

"పోయింది."

"ఏం జెయ్యాలె, అడ్డం తిరిగింది బిడ్డ. సాయంత్రం బండి ఉంటది గద. చేతులు గడుక్కొనొస్త. ట్రంకు యాడున్నది?"

"జట్కల ఉన్నది. పంజాగుట్టకు మళ్లిస్త," అన్నాడు నాయిన. "ముందుగాల దీన్ని లేపు."

అత్తమ్మ తమ్ముడి వైపు చూసింది, నా వైపు చూసింది. నేను ఏదో ఒకటి అనాలని అందరూ ఎదురుచూస్తున్నట్టు అనిపించింది గానీ, నేను పోయి జట్కాలో ట్రంకును సరిచేశాను. ఆమె డేన్ మెడ మీద చెయ్యి వేసింది. అది బద్ధకంగా లేచి ఒళ్లు విరుచుకుంది. నాయిన ఒక్కో కాలూ విదిలించుకుని జట్కా వైపు కుంటుతూ నడిచాడు. ట్రంకును మళ్లీ ఆ వసారాలోనే దింపాం. ఈసారి లోపలికి కూడా చేర్చాం.

స్టేషనులో అమ్మ సామాను మీద కూర్చుని ఉంది. అప్పటికి రైలు పోయి చాలాసేపైంది. ఆమె మమ్మల్నిద్దర్నీ చూసి, మా వెనక చూసి, మళ్లీ మమ్మల్ని చూసింది.

"వదినేది?" అని అడిగింది.

నాయిన కోటు మీద కుక్క వెంట్రుకలు దులుపుకుంటూ పక్కన కూర్చున్నాడు.

"పనిల ఉన్నది," అన్నాడు.